హెవీవెయిట్ పంచాయితీ: జరగని ఫైట్లదే అసలు గొడవ

బాక్సింగ్‌లో అన్నిటికంటే ఎక్కువ బరువు విభాగమైన హెవీవెయిట్‌లో అందరికంటే గొప్పవాడు ఎవరన్న పంచాయితీ అభిమానుల మధ్య ఎప్పుడూ నడుస్తూనే ఉంటుంది. 1970 జనవరి 20న అమెరికా థియేటర్లలో మహమ్మద్ అలీ, రాకీ మార్సియానోల బాక్సింగ్ పోటీ వేశారు. ఇద్దరూ అప్పటిదాకా ఓటమి ఎరగని చాంపియన్లే. కాకపోతే మార్సియానో 49కి 49 ఫైట్లూ గెలిచి 1956లోనే రిటైరయ్యాడు. అలీ ఏమో సైన్యంలో చేరనన్నందుకు 1967లో టైటిల్ పోగొట్టుకుని ఖాళీగా ఉన్నాడు.

నిజానికి ఆ ఫైట్ జరగనే లేదు. మరీ వరోనర్ అనే రేడియో నిర్మాత ఇద్దరి లెక్కలూ కంప్యూటర్‌కి ఎక్కించి ఎవరు గెలుస్తారో చెప్పమన్నాడు. మయామీలోని ఒక స్టూడియోలో వాళ్లిద్దరి చేత నిమిషం నిమిషం రౌండ్లు పదుల కొద్దీ ఆడించి, రకరకాల ముగింపులు తీసి పెట్టుకున్నారు. మార్సియానో ఇందుకోసం ఒళ్లు తగ్గించాడు, బట్టతల కనపడకుండా విగ్గు కూడా పెట్టుకున్నాడు. తీరా సినిమా చూసుకోకుండానే 1969 ఆగస్టు 31న విమాన ప్రమాదంలో పోయాడు. మర్నాడే అతడి 46వ పుట్టినరోజు. అమెరికాలో వేసిన కాపీలో 13వ రౌండ్‌లో మార్సియానో నాకౌట్ చేశాడు. ఐరోపాకి పంపిన దాంట్లో అలీ గెలిచాడు! ఎక్కడి జనానికి ఏది నచ్చుతుందో నిర్మాతకు బాగానే తెలుసు.

వేర్వేరు కాలాల వాళ్లు తలపడకపోతే అది ఎవరి తప్పూ కాదు. ఒకే కాలంలో ఉండి కూడా తలపడనివాళ్ల సంగతే హెవీవెయిట్ చరిత్రలో చిక్కుముడి. ఇందులో అన్నిటికంటే పెద్ద మచ్చ జాక్ డెంప్సీ, హ్యారీ విల్స్‌లది.

1908లో సిడ్నీలో టామీ బర్న్స్‌ని కొట్టి జాక్ జాన్సన్ మొదటి నల్లజాతి హెవీవెయిట్ చాంపియన్ అయ్యాడు. 1910 జులై 4న రెనోలో, రిటైర్మెంట్ నుంచి పనిగట్టుకుని లాక్కొచ్చిన తెల్లజాతి మాజీ చాంపియన్ జిమ్ జెఫ్రీస్‌ని కూడా చిత్తు చేశాడు. ఆ రాత్రి అమెరికా నగరాల్లో అల్లర్లు జరిగి ప్రాణాలు పోయాయి. 1915లో హవానాలో జెస్ విలార్డ్ చేతిలో జాన్సన్ ఓడాక, ఆ టైటిల్ కోసం ఆడే అవకాశం 1937లో జో లూయిస్ వచ్చేదాకా ఇంకో నల్లజాతి బాక్సర్‌కి దక్కలేదు. 22 ఏళ్లు! తెల్లజాతివాడైన డెంప్సీ 1919 నుంచి 1926 వరకు చాంపియన్. అతడిని ఢీకొట్టాల్సిన మొదటి మనిషి నల్లజాతి బాక్సర్ విల్స్. అగ్రిమెంట్ దాకా వచ్చి కూడా ఆ పోటీ జరగలేదు. కాబట్టి డెంప్సీని టాప్ ఫైవ్‌లో పెట్టేవాళ్లు విల్స్ గురించి ఒక్క ముక్కయినా చెప్పాలి.

రంగు అడ్డం తొలగాక బెల్టులు, అంటే ఒక్కో సంస్థ విడివిడిగా ఇచ్చే చాంపియన్ టైటిళ్లు, అడ్డం వచ్చాయి. 1978 ఫిబ్రవరిలో లియాన్ స్పింక్స్ అలీని ఓడించాడు. అతడు కెన్ నార్టన్‌తో ఆడకుండా అలీతో రీమ్యాచ్‌కి సై అనేసరికి డబ్ల్యూబీసీ అనే సంస్థ తన టైటిల్ లాగేసుకుని నార్టన్ చేతిలో పెట్టింది. నార్టన్ తన జీవితంలో ఒక్క ప్రపంచ టైటిల్ ఫైట్ కూడా గెలవలేదు, అయినా చాంపియన్ల జాబితాలో ఉన్నాడు. "చాంపియన్‌ని కొట్టినవాడే చాంపియన్" అని పాత అభిమానులు ఇప్పటికీ పట్టుబట్టేది ఇలాంటివి చూసే. డబ్ల్యూబీసీ, డబ్ల్యూబీఏలకు తోడు ఐబీఎఫ్, డబ్ల్యూబీవో అనే సంస్థలు కూడా వచ్చి చేరాక బెల్టులు నాలుగయ్యాయి.

రిడిక్ బో కథ ఇంకో తమాషా. 1988 సియోల్ ఒలింపిక్స్ ఫైనల్లో లెనాక్స్ లూయిస్ అతడిని రెండో రౌండ్‌లోనే ఆపేశాడు. 1992లో హోలీఫీల్డ్‌ని ఓడించి బో చాంపియన్ అయ్యాక, లూయిస్‌తో ఆడాలని డబ్ల్యూబీసీ పట్టుబట్టింది. బో లండన్‌లో కెమెరాల ముందే ఆ బెల్టుని చెత్తబుట్టలో పడేశాడు. ప్రొఫెషనల్స్‌గా ఇద్దరూ ఎన్నడూ తలపడలేదు. ఆ తర్వాత క్లిచ్‌కో అన్నదమ్ములు నాలుగు బెల్టులూ ఇంట్లోనే పెట్టుకున్నారు, కానీ ఒకరితో ఒకరు తలపడబోమని అమ్మకి మాటిచ్చారట. దీన్ని మాత్రం తప్పు పట్టలేం.

ఇక "ఇప్పటివాళ్లు కొండల్లా ఉన్నారు, పాతవాళ్లు నిలబడలేరు" అనే వాదన. సుమారు 85 కిలోల మార్సియానో ఈ రోజుల్లో హెవీవెయిట్ కంటే కింది విభాగమైన క్రూయిజర్‌వెయిట్‌లో ఆడాల్సినవాడే, నిజమే. కానీ అంతే బరువున్న డెంప్సీ, 110 కిలోలు దాటిన విలార్డ్‌ని మొదటి రౌండ్‌లోనే ఏడుసార్లు పడగొట్టాడు. 2024 మేలో రియాద్‌లో, తనకంటే దాదాపు 18 కిలోలు ఎక్కువున్న టైసన్ ఫ్యూరీని ఒలెక్సాండర్ ఉసిక్ ఓడించాడు. అతడూ క్రూయిజర్‌వెయిట్ నుంచి వచ్చినవాడే.

1999లో లూయిస్ తర్వాత తిరుగులేని చాంపియన్ (ప్రధాన బెల్టులన్నీ ఉన్నవాడు) ఉసిక్ ఒక్కడే. అయినా కొన్ని వారాలకే ఐబీఎఫ్ బెల్టు వదులుకోవాల్సి వచ్చింది. 2025 జులైలో వెంబ్లీలో డానియెల్ డుబ్వాని ఐదో రౌండ్‌లో నాకౌట్ చేసి నాలుగూ మళ్లీ పోగేశాడు. నవంబరుకల్లా డబ్ల్యూబీవో బెల్టు చేజారింది. ఉసిక్ మీద ఒక్క దెబ్బ వేయకుండానే ఫాబియో వార్డ్లీకి ఆ టైటిల్ వచ్చేసింది, 1978లో నార్టన్‌కి వచ్చినట్టే.