కొత్త హార్డ్ డిస్క్‌ను నమ్మే ముందు

పెళ్లిళ్ల సీజన్ వస్తే నల్లగొండ, మహబూబ్‌నగర్ పట్టణాల్లోని ఫొటో స్టూడియోలకు హార్డ్ డిస్కుల అవసరం పెరుగుతుంది. కవరు విప్పి, క్విక్ ఫార్మాట్ చేసి, ఆ రాత్రికే పెళ్లి వీడియోలు అందులోకి ఎక్కించేస్తుంటారు. క్విక్ ఫార్మాట్ ఫైళ్ల పట్టికను కొత్తగా రాస్తుందే తప్ప మిగతా డిస్కును తాకదు.

4 టెరాబైట్ల డిస్కులో, సెక్టారుకు (డిస్కు ఒక్కసారిగా చదివే, రాసే చిన్న ముక్కకు) 4,096 బైట్ల లెక్కన, 97 కోట్లకు పైగా సెక్టార్లుంటాయి. తయారీలోనే బయటపడిన లోపాలను ఫ్యాక్టరీవాళ్లు డిస్కు లోపలి జాబితాలో చేర్చి పక్కన పెడతారు. రవాణాలో తగిలిన దెబ్బల వల్ల ఆ తర్వాత పాడైన సెక్టారు సంగతి మాత్రం, దాన్ని ఎవరైనా చదవబోయేదాకా డిస్కుకే తెలియదు. అందుకే కొత్త డిస్కు ‘స్మార్ట్’ నివేదికలో (డిస్కు తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే లెక్కల్లో) కనిపించే సున్నాలను చూసి మురిసిపోనక్కర్లేదు.

చదివేటప్పుడు వచ్చే చిన్న తప్పులను డిస్కు తానే సరిదిద్దుకుంటుంది. సరిదిద్దలేనప్పుడు, ఆ సెక్టారులో ఏముందో తనకే తెలియదు కనుక దాని బదులు వేరే సెక్టారును గుట్టుగా పెట్టలేక, దాన్ని ‘పెండింగ్’ లెక్కలో వేస్తుంది. ఇది స్మార్ట్‌లో 197వ అంశం. అదే చోట మళ్లీ రాసినప్పుడు రాత నిలిస్తే పెండింగ్ తగ్గుతుంది, నిలవకపోతే విడిగా ఉంచిన సెక్టారు దాని స్థానంలోకి వచ్చి 5వ అంశం పెరుగుతుంది. మామూలుగా డిస్కు తాను రాసినదాన్ని వెంటనే చదివి చూసుకోదు. కాబట్టి ముందు నివేదిక దాచుకుని, డిస్కంతా రాసి, అంతా తిరిగి చదివి, రెండు నివేదికలనూ పోల్చడమే సరైన పరీక్ష.

లైనక్స్‌లోని బ్యాడ్‌బ్లాక్స్ ప్రోగ్రాం, ‘డబ్ల్యూ’ ఆప్షన్ ఇస్తే, నాలుగు రకాల నమూనాలను రాసి, ఒక్కోదాన్నీ తిరిగి చదువుతుంది. సెకనుకు సగటున 150 మెగాబైట్ల వేగమనుకున్నా ఒక్క చుట్టుకు ఏడు గంటలు దాటుతుంది, నాలుగుసార్లు రాయడం, నాలుగుసార్లు చదవడం కలిపి ఎనిమిది చుట్లకు దాదాపు 60 గంటలు. (ఈ పరీక్ష డిస్కులో ఉన్నదంతా చెరిపేస్తుంది, పాత డిస్కు మీద ప్రయోగించరాదు.) అంతసేపు ఆగలేనివారికి ఒకసారి రాసి, ఒకసారి చదివించడం చాలు. మన దగ్గర కరెంటు పోయే అవకాశం ఉంది కనుక యూపీఎస్ మీద నడపాలి. ఎండ 40 డిగ్రీలు దాటే రోజుల్లో ఫ్యాను గాలి డిస్కుకు నేరుగా తగలాలి.

కొత్త డిస్కులో స్మార్ట్‌లోని 5, 197 అంశాల్లో ఏది కదిలినా, అది ఒకటే అయినా, వాపసు ఇవ్వడమే మేలని నా అభిప్రాయం. 199వ అంశం (డిస్కుకూ కంప్యూటరుకూ మధ్య డేటా వెళ్లేటప్పుడు దొర్లిన తప్పుల లెక్క) ఒక్కటే పెరిగితే మాత్రం తప్పు ఎక్కువగా కేబుల్‌దే. దుకాణానికి వెళ్లేలోపు కేబుల్ మార్చి మళ్లీ పరీక్షించాలి.