పక్కింటి కుక్క లొల్లి: అపోహలు, వాస్తవాలు

హన్మకొండలో పశువుల డాక్టర్‌గా పని చేస్తున్నాను. కుక్కను వెంట తేకుండా నా దగ్గరికి వచ్చేవాళ్లు కూడా ఉంటారు. కూర్చుని కాసేపు ఆగి, "సార్, మా పక్కింటోళ్ల కుక్క అరవకుండా ఏదన్నా గోలీ ఉంటే ఇవ్వండి, నెల రోజులైంది సరిగా నిద్రపోక" అంటారు. వాళ్ల బాధ నిజమే, కళ్లు చూస్తేనే తెలుస్తుంది. అలాంటి గోలీ మాత్రం నేనివ్వను. వాళ్ల మాటల్లో పదే పదే వినిపించే కొన్ని నమ్మకాల గురించి రాస్తున్నాను. లొల్లి ముదిరేది వాటి వల్లే.

అపోహ: ఆ కుక్క మా మీద పగబట్టి మొరుగుతోంది.

వాస్తవం: కుక్కకు పక్కింటి మీద పగ ఉండదు. ఒంటరితనం, భయం, విసుగు, నొప్పి, గేటు ముందు నుంచి పోయే బండ్లు, ఇలా ఏదో ఒక కారణం ఉంటుంది. అది యజమానికి చాలాసార్లు తెలియదు. కుక్క మొరిగే వేళకు ఆయన డ్యూటీలో ఉంటాడు. తెలిసేది మీకే.

కాజీపేట నుంచి ఒక రిటైర్డ్ టీచరమ్మ గోడ క్యాలెండర్ పట్టుకుని వచ్చారు. తేదీల గడుల్లో పెన్సిల్‌తో టైములు రాసి ఉన్నాయి: పొద్దున 8 నుంచి 9, మళ్లీ సాయంత్రం 4 దాటాక. ఆదివారాల గడులన్నీ ఖాళీ. అవి స్కూలు ఆటోల టైములు. వెళ్లి చూస్తే కుక్కను గేటు గ్రిల్‌కే కట్టేశారు. గొలుసు అందినంత మేర నేల అర్ధచంద్రాకారంగా గీరుకుపోయింది. బెల్టు కింద మెడ చుట్టూ వెంట్రుకలు ఊడి చర్మం నల్లబడింది. యజమానితో మాట్లాడి దాన్ని ఇంటి వెనక నీడలోకి మార్పించాం. ఆటోలు రాకముందే అరగంట తిప్పుకురమ్మన్నాం. మూడో వారం టీచరమ్మ ఫోన్ చేసి, "ఈ వారం రాయడానికేం లేదు డాక్టర్ గారూ" అన్నారు.

గేటు దగ్గర మొదటి మాట ఎలా పడిందనేది కూడా ముఖ్యం. "మీ కుక్కతో చస్తున్నాం" అంటే తలుపు మూసుకుంటుంది. "అన్నా, మీరు డ్యూటీకి పోయినంక అది చాలా ఏడుస్తోంది, ఏమన్నా నొప్పేమో ఒకసారి చూపించండి" అంటే ఎవరైనా వింటారు.

అపోహ: రోజంతా కట్టేస్తేనే కుక్క ఇల్లు బాగా కాస్తుంది.

వాస్తవం: అలాంటి కుక్క ఆకు కదిలినా మొరుగుతుంది. నిజంగా దొంగ వచ్చిన రోజు ఎవరూ లేచి చూడరు. పొట్టి గొలుసుతో, బరువు గొలుసుతో గంటల తరబడి కట్టేయడం, ఎప్పుడూ కట్టేసి ఉంచే కుక్కను తిప్పకపోవడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం 11వ సెక్షన్ కింద నేరాలు. ఇక మన మే నెల ఎండలో రేకుల కింద కట్టేసి, నీళ్ల గిన్నె బోర్లా పడి ఉంటే అది మొరగక ఏం చేస్తుంది? ఒళ్లు చల్లబరుచుకోవడానికి దానికి రొప్పడమే ప్రధాన మార్గం, మనలా చెమట పట్టదు.

అపోహ: మొరిగే కుక్క కరవదు.

వాస్తవం: కరుస్తుంది. భయంతో మొరిగే కుక్క మీదికి రాయి విసిరితే, కర్ర ఊపితే ఇంకా భయపడి కరుస్తుంది. కరిస్తే గాయాన్ని కుళాయి కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి, అదే రోజు దవాఖానకు పోవాలి. పసుపు, కారం పెట్టొద్దు.

అపోహ: కుక్క ఏడిస్తే ఎవరో పోతారు.

వాస్తవం: దూరంగా ఉన్న కుక్కలకు, సాగే శబ్దాలకు జవాబుగా కుక్కలు ఊళ పెడతాయి. రైలు కూతకు ఊళ పెట్టే కుక్కలను కాజీపేట వాళ్లు రోజూ వింటారు. ఒక ఇంట్లో పెద్దాయనకు జబ్బు చేసింది. పక్కింటి కుక్క రాత్రిళ్లు ఏడుస్తోందని ఆ ఇంటివాళ్లు వణికిపోయారు. చూస్తే అది పదమూడేళ్ల ముసలిది. చూపు మందగించి, మతిమరుపు వచ్చి, చీకట్లో తన చోటు తనకే తెలియక ఏడుస్తోంది. ముసలి కుక్కల్లో ఈ సమస్య ఉంటుంది, మందులున్నాయి. రాత్రి చిన్న లైటు వేసి ఉంచమన్నాను.

ఆన్‌లైన్‌లో దొరికే అల్ట్రాసోనిక్ యంత్రాల మీద డబ్బు పెట్టకండి. కొన్ని కుక్కలు పట్టించుకోవు, కొన్ని ఇంకా బెదురుతాయి.

అపోహ: ఎవరూ పట్టించుకోరు, విషం పెట్టడమే దారి.

వాస్తవం: విషం తిన్న కుక్కను బల్ల మీద పట్టుకుని కూర్చున్నవాణ్ని కాబట్టి చెబుతున్నాను, ఆ ఆలోచనే వద్దు. నురగ కక్కుతూ కాళ్లు కొట్టుకుంటుంటే మనం దాన్ని పట్టుకోవడం తప్ప ఎక్కువ చేయలేని సందర్భాలుంటాయి. విషం కలిపిన ముద్దను వేరే కుక్క తినొచ్చు, పిల్లి తినొచ్చు, పసిపిల్లల చేతికి అందొచ్చు. భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ కింద 5 ఏళ్ల దాకా జైలు శిక్ష పడొచ్చు.

దారులు వేరే ఉన్నాయి. మాట వినకపోతే మున్సిపాలిటీకి రాసివ్వండి. కుక్క వల్ల మనుషులకు ప్రమాదమున్నా యజమాని జాగ్రత్త తీసుకోకపోతే భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద పోలీసులకు ఫిర్యాదు చేయొచ్చు. వీధి మొత్తానికి ఇబ్బందైతే భారతీయ నాగరిక సురక్షా సంహిత 152వ సెక్షన్ కింద ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్లొచ్చు. ఎక్కడికి వెళ్లినా తేదీలు, టైములు రాసిన కాగితం, ఫోన్‌లో రికార్డు చేసిన మొరుగుడు వెంట తీసుకెళ్లండి.