డేటా సెంటర్ చిప్‌ల వెనక ఉన్న పాత స్పార్క్ కథ

2025 అక్టోబరులో గూగుల్ విశాఖలో 1500 కోట్ల డాలర్ల ఏఐ హబ్ పెడతానని ప్రకటించిన దగ్గర్నుంచి ఊళ్లో చర్చంతా భూములు, నీళ్లు, కరెంటు మీదే. అడగాల్సినవే, కాదనను. కానీ ఇలాంటి చోట్ల వాడే కొత్త ఏఐ చిప్‌ల మీద సన్నటి గీతలు ముద్రించే 13.5 నానోమీటర్ల కాంతి ఎక్కడ పుట్టిందో ఎవరూ పట్టించుకోరు.

ఈ కాంతిని గాలి మింగేస్తుంది, గాజూ మింగేస్తుంది. అందుకే అంతా వాక్యూమ్‌లోనే, లెన్సులు కాకుండా అద్దాలతోనే జరగాలి. 1893లో విక్టర్ షూమన్ కాంతిని తరంగదైర్ఘ్యాలుగా విడదీసి చూపే స్పెక్ట్రోగ్రాఫ్‌లోంచి గాలి తోడేసి ఈ దారి తెరిచాడు. తర్వాత అమెరికాలో భౌతిక శాస్త్రవేత్త మిలికన్ బృందం వాక్యూమ్‌లో రెండు ఎలక్ట్రోడ్‌లను దగ్గరగా పెట్టి, కెపాసిటర్లలో నింపిన హై వోల్టేజీని ఒక్కసారిగా వాటి మధ్య వదిలింది. లోహం ఆవిరై, ఎలక్ట్రాన్లు ఊడిపోయిన పరమాణువులు అయాన్లుగా మారి, మామూలు దీపాల్లో కనపడని కాంతి బయటికొచ్చింది. 1924 నాటికి వాళ్లు దాదాపు 13.7 నానోమీటర్ల దాకా వెళ్లారు, అంటే ఇవాళ్టి చిప్ కాంతి పక్కింటికే!

ఇలాంటి అయాన్ల కాంతిని చదివే విద్య మన వాల్తేరుకూ కొత్త కాదు. లండన్‌లో ఆల్‌ఫ్రెడ్ ఫౌలర్ దగ్గర పనిచేసి, ఆర్సెనిక్, సెలీనియం లాంటి మూలకాల అయాన్ల వర్ణపటాలు విప్పిన కొచ్చెర్లకోట రంగధామరావు గారు ఆంధ్రా యూనివర్సిటీలో స్పెక్ట్రోస్కోపీకి పేరు తెచ్చారు. ఊళ్లో ఈ సంగతి తెలిసినవాళ్లు ఎందరో నాకు అనుమానమే.

ఇంకో పాయ పిడుగుల వైపు నుంచి వచ్చింది. 1905లో ఆస్ట్రేలియాలో పిడుగు పడి నలిగిపోయిన రాగి గొట్టాన్ని పోలాక్, బారాక్లఫ్ పరిశీలించి, కరెంటు తన అయస్కాంత క్షేత్రంతో తన దారినే నొక్కేసిందని తేల్చారు. 1934లో బెనెట్ దానికి లెక్క కట్టాడు. ప్లాస్మాను, అంటే అయాన్లు, ఎలక్ట్రాన్లు కలగలిసిన వేడి వాయువును, అలా పిండితే అది లక్షల డిగ్రీలకు వేడెక్కి చిన్న తరంగదైర్ఘ్యాల కాంతిని చిమ్ముతుంది.

1986లో జపాన్‌లో కినోషిత ఇలాంటి కాంతితో బొమ్మ ముద్రించవచ్చని చూపించాక, అది పుట్టించేదెలా అన్న పోటీ మొదలైంది. ప్లాస్మాగా మార్చడానికి మొదట జినాన్ వాయువు, తర్వాత తగరం. 2006లో చిప్ ముద్రణ యంత్రాలు చేసే నెదర్లాండ్స్ కంపెనీ ఏఎస్ఎంఎల్ పంపిన తొలి నమూనా యంత్రాల్లో వాడింది తగరం డిశ్చార్జే, అంటే ఎలక్ట్రోడ్‌ల మధ్య కరెంటు వదిలి తగరాన్ని ప్లాస్మా చేసే పద్ధతి. చిక్కంతా ఎలక్ట్రోడ్‌లతో వచ్చింది. ప్లాస్మాకు అంత దగ్గర్లో అవి కరిగి అరిగిపోతాయి, తుంపర్లు ఖరీదైన అద్దాలను పాడుచేస్తాయి, పవర్ పెంచేకొద్దీ వేడి తట్టుకోవడం కష్టం. పక్కన పోటీగా ఉన్నది సెకనుకు 50,000 తగరపు బొట్లను లేజర్‌తో పేల్చే పద్ధతి, దానికి ఎలక్ట్రోడ్‌ల గొడవే లేదు. 2013లో ఆ పద్ధతి చేతిలో ఉన్న సైమర్ కంపెనీని ఏఎస్ఎంఎల్ కొనేసింది, ఇక ముద్రణలో డిశ్చార్జ్ పని అయిపోయినట్టే.

పూర్తిగా పోలేదు లెండి. అంత పవర్ అక్కర్లేని చిప్ నమూనా ఉండే మాస్కుల తనిఖీలో, ల్యాబుల్లో అది ఇంకా పనిచేస్తోంది. అన్నట్టు, 2025 ఆగస్టులో కేంద్రం ఆంధ్రప్రదేశ్‌కు ఓకే చేసింది చిప్ ప్యాకేజింగ్ యూనిట్, అంటే ముద్రణ ఇంకెక్కడో అయిపోయాక జరిగే పని; అక్కడ ఈ కాంతి వెలగదు.