పెంగ్విన్ రెక్కకు పట్టీ కడితే ఏమవుతుంది?

అంటార్కిటికాలో పెంగ్విన్‌నో సీల్‌నో పట్టుకుని, కొలతలు తీసుకుని, ఏ హానీ చేయకుండా వదిలిపెట్టే శాస్త్రవేత్తకు కూడా పర్మిట్ ఎందుకు ఉండాలని హైదరాబాద్‌లో జంతుశాస్త్రం చదువుతున్న ఒక విద్యార్థిని నన్ను అడిగారు. వేటగాణ్ణీ పరిశోధకుణ్ణీ చట్టం ఒకే గాటన కట్టడం ఆమెకు అన్యాయంగా తోచింది. ప్రశ్న సబబైనదే; కాని “ఏ హానీ చేయకుండా” అన్న మాట దగ్గరే అసలు చిక్కు ఉంది.

చట్టం సంగతి క్లుప్తంగా చెబుతాను. 1959 నాటి అంటార్కిటిక్ ఒప్పందానికి పర్యావరణ రక్షణ కోసం 1991లో మాడ్రిడ్‌లో జోడించిన ప్రోటోకాల్ 1998లో అమల్లోకి వచ్చింది. దాని రెండవ అనుబంధం ప్రకారం అక్కడి క్షీరదాలను, పక్షులను చంపడానికీ పట్టుకోవడానికే కాదు, చేత్తో తాకడానికి కూడా పర్మిట్ కావాలి. ఏ పని, ఎప్పుడు, ఎక్కడ, ఎవరు చేస్తారో అందులో స్పష్టంగా ఉండాలి. మన దేశం 2022లో భారత అంటార్కిటిక్ చట్టం చేసి, భూవిజ్ఞాన మంత్రిత్వ శాఖ కార్యదర్శి అధ్యక్షుడుగా ఉండే సంఘానికి పర్మిట్ల బాధ్యతను అప్పగించింది. ఆర్కిటిక్‌లో ఇలాంటి ఉమ్మడి ఏర్పాటు లేదు. ఏ దేశపు నేల మీద ఆ దేశపు చట్టమే నడుస్తుంది.

ఇక పట్టీ విషయానికి వద్దాం. పెంగ్విన్ కాళ్ళు పొట్టివి, లావువి కాబట్టి మామూలు పక్షులకు వేసినట్టు కాలికి కడియం వేయడం కుదరదు. అందుకే దశాబ్దాల పాటు రెక్క మొదట్లో అంకెలున్న లోహపు పట్టీని బిగించి, దూరం నుంచి బైనాక్యులర్లతో ఆ అంకెలు చదివేవారు. పట్టీ తేలికైనదే, పక్షి దాన్ని పట్టించుకున్నట్టు కూడా కనిపించదు. అయితే పెంగ్విన్‌కు రెక్క అంటే తెడ్డు. హుస్సేన్ సాగర్‌లో పడవ నడిపే మనిషి తెడ్లలో ఒకదాని పలకకు గుడ్డపీలిక చుట్టామనుకోండి. పీలిక బరువు అతని చేతికి తెలియదు; కాని తెడ్డు వేసిన ప్రతిసారీ నీరు ఆ అంచు దగ్గర సుడి తిరుగుతుంది, అంతే దూరానికి ఎక్కువ బలం ఖర్చవుతుంది. పీలిక ఒక తెడ్డుకే ఉంది కాబట్టి పడవ ఒక పక్కకు లాగుతుంది, దాన్ని సరిచేయడానికి మరికొంత శ్రమ. పెంగ్విన్ రెక్క పైకి లేచినప్పుడూ కిందికి దిగినప్పుడూ రెండు సార్లూ పక్షిని ముందుకు తోస్తుంది గనుక పీలిక నష్టం రెండు వైపులా ఉంటుంది. పైగా నీటి నిరోధాన్ని అధిగమించడానికి కావలసిన సామర్థ్యం వేగపు ఘనంతో పెరుగుతుంది. తొందరపడినకొద్దీ పీలిక మరింత బరువైన జరిమానా వేస్తుంది. ఏడాదికొకసారి ఈకలు రాల్చే రోజుల్లో రెక్క వాస్తుంది, అంటే తెడ్డే ఉబ్బి పీలిక దాన్ని కోసినట్టవుతుంది. అన్నిటికీ మించి, ఆ పడవవాడు తెచ్చే చేపల కోసం ఒడ్డున పిల్ల ఆకలితో కాచుకుని ఉంటుంది.

ఇది ఊహ కాదు. పట్టీ కట్టిన అడేలీ పెంగ్విన్లను నీటి కాలువలో ఈదించి కొలిస్తే శక్తి ఖర్చు 24 శాతం పెరిగినట్టు 1993లోనే తేలింది. అంటార్కిటిక్ ఒప్పంద పరిధికి ఉత్తరాన, ఫ్రాన్స్ అధీనంలోని క్రోజే దీవుల్లో 100 కింగ్ పెంగ్విన్లను పదేళ్ళు గమనించారు. అన్నిటికీ చర్మం కింద ట్రాన్స్‌పాండర్ అనే చిన్న గుర్తింపు పరికరం పెట్టి, సగానికి మాత్రమే పట్టీ కూడా కట్టారు. పట్టీ ఉన్నవాటికి పిల్లలు 39 శాతం తక్కువ, మనుగడ రేటు 16 శాతం తక్కువ అని 2011లో ప్రకటించారు. అవి జతకట్టడానికి ఆలస్యంగా వచ్చేవి, మేతకు వెళ్ళి ఎక్కువ రోజులు తిరిగేవి. అలాంటి పక్షుల లెక్కలతో వాతావరణ మార్పు ప్రభావాన్ని అంచనా వేస్తే పట్టీ చేసిన కీడు కూడా సముద్రం ఖాతాలో పడుతుంది. కొలత తీసే చెయ్యి కొలతను మారుస్తుందన్న విషయం మన పాఠ్యపుస్తకాల్లో ఎలక్ట్రాన్ దగ్గర మొదలై అక్కడే ఆగిపోతుంది. జంతుశాస్త్రం తరగతిలో కూడా చెప్పవలసిన పాఠమిది.

ట్రాన్స్‌పాండర్‌లో బ్యాటరీ ఉండదు. గాజు గొట్టంలో ఒక తీగచుట్ట, ఒక చిప్ ఉంటాయి. దారిలో పాతిపెట్టిన యాంటెన్నా సృష్టించే మారుతున్న అయస్కాంత క్షేత్రం ఆ తీగచుట్టలో విద్యుత్తును ప్రేరేపిస్తే, చిప్ మేల్కొని తన సంఖ్యను చెబుతుంది. చిక్కేమిటంటే దూరం రెట్టింపైతే ఈ క్షేత్రబలం ఎనిమిదో వంతుకు పడిపోతుంది కాబట్టి, ఆ దారిన నడవని పక్షి సంఖ్య చదవాలంటే యాంటెన్నా ఉన్న రీడర్ పట్టుకుని అర మీటరు దాకా దగ్గరకు వెళ్ళక తప్పదు. మనిషి దగ్గరకు వెళితే పక్షి గుండె వేగం పెరుగుతుంది, అది గుడ్డు మీద కదలకుండా కూర్చున్నా సరే. విమానాన్ని చూస్తూ పెంగ్విన్లు వెల్లకిలా పడిపోతాయన్న కట్టుకథను నమ్మేవారు, పడకపోతే ప్రశాంతంగా ఉన్నట్టేనని కూడా నమ్ముతారు, రెండూ తప్పే. హబ్సిగూడలోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు అంటార్కిటికా మట్టి నుంచి వేరుచేసి అధ్యయనం చేసిన బ్యాక్టీరియాతో ఈ బాధ లేదు. చివరకు క్రోజేలో పనిచేసే ఫ్రెంచి బృందం చక్రాల మీద నడిచే చిన్న యంత్రానికి రీడర్ అమర్చి పంపింది. మనిషి వెళ్ళినప్పటి కంటే పక్షుల గుండె వేగం తక్కువగా పెరిగింది, త్వరగా సర్దుకుంది. ఎంపరర్ పెంగ్విన్ల కోసం ఆ యంత్రానికి నకిలీ పిల్ల వేషం వేస్తే, అవి దానితో కూతలు కలపడానికి ప్రయత్నించాయని 2014లో రాశారు.

పర్మిట్‌లో నాకు అన్నిటికంటే నచ్చే నిబంధన సంఖ్య గురించినది: అత్యవసరమైన దానికంటే ఒక్క ప్రాణిని కూడా ఎక్కువ తీసుకోకూడదు. అందువల్ల తన ప్రశ్నకు జవాబు రావాలంటే ఎన్ని పక్షులు చాలునో పరిశోధకుడు ముందే లెక్క కట్టాలి. అవసరం కంటే తక్కువ తీసుకోవడం కూడా దయ అనిపించుకోదు. జవాబు తేలకపోతే అన్ని పక్షులనూ వృథాగా బాధపెట్టినట్టే.

ఆస్ట్రేలియా వారి మాసన్ స్టేషన్ దగ్గర బెషర్‌వేజ్ దీవిలో అడేలీ పెంగ్విన్లు నడిచే దారిలోనే కాటా అమర్చారు. సముద్రానికి వెళ్ళేటప్పుడూ తిరిగి వచ్చేటప్పుడూ పక్షి దాని మీదుగా నడిస్తే, ట్రాన్స్‌పాండర్ సంఖ్యతో పాటు బరువు నమోదవుతుంది. ఆ తేడాను బట్టి పిల్లకు ఎంత మేత తెచ్చిందో అంచనా వేస్తారు. ఎవరూ పక్షిని ముట్టుకోరు. అయితే ట్రాన్స్‌పాండర్ పెట్టడానికి ఒక్కసారైనా దాన్ని పట్టుకోవాలి. ఆ ఒక్కసారికీ పర్మిట్ తీసుకోవాలి. జూలై 1 నుంచి మరుసటి జూన్ 30 దాకా ఇచ్చిన పర్మిట్లు ఎన్నో, ఎలాంటివో ప్రతి దేశమూ నవంబరు ముగిసేలోగా మిగతా దేశాలకు తెలియజేయాలి.