స్టాల్ నంబర్ ఒక్కటే చూసి కన్వర్టర్ కొనొద్దు పిల్లలూ

పిల్లలూ,

ఆదివారం వీడియో కాల్‌లో పెద్దోడు అడిగినదానికి సగమే జవాబు చెప్పగలిగాను. లెక్కలు ఫోన్‌లో చెబితే చెవిలో నిలవవు, అందుకే కూర్చుని రాస్తున్నా. పెద్దోడా, టెక్సాస్‌లో నువ్వు కొన్న ఆ 2002 కెమారో కారుకు 3,500 స్టాల్ టార్క్ కన్వర్టర్, అంటే ఆటోమేటిక్ బండిలో ఇంజిన్ బలాన్ని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కు అందించేది, వేయిస్తానన్నావు. ఎందుకురా అంటే స్నేహితుడి బండికి అదే ఉంది, సిగ్నల్ దగ్గర దూకుతుంది అన్నావు. అతను రోజూ ఆ బండిలోనే ఆఫీసుకు పోతాడా, ఇంజిన్‌లో ఏమేం మార్చాడు, వెనక ఆక్సిల్ రేషియో, అంటే చక్రం ఒక చుట్టు తిరగడానికి గేర్‌బాక్స్ నుంచి వచ్చే షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరగాలో అది, ఎంత అని అడిగితే తెలియదన్నావు. నాకు అక్కడే టెన్షన్ పట్టుకుంది.

నేను చేసింది కార్ల పని కాదు, మీకు తెలుసు. ముప్పై ఏళ్లు ఎర్రగుంట్ల చుట్టుపక్కల సున్నపురాయి గనుల్లో లోడర్లు, డంపర్లు బాగుచేశాను. కన్వర్టర్‌ను మొదట చూసింది వాటిలోనే. లోడర్ బకెట్‌ను రాళ్ల కుప్పలోకి తోసినప్పుడు చక్రాలు కదలవు, ఇంజిన్ మాత్రం నిమిషానికి ఇన్ని చుట్లు అనే ఒక వేగం (ఆర్‌పీఎం) దాకా వచ్చి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినా అంతకు మించి లేవకుండా అక్కడే మోగుతూ ఉంటుంది. అదే స్టాల్, అక్కడి ఆర్‌పీఎం అంకే స్టాల్ నంబర్. పుస్తకంలో చదవకముందే దాన్ని నేను చెవితో నేర్చుకున్నాను.

చిన్నోడికి లోపల ఏముందో తెలియాలి కాబట్టి ఇది వాడి కోసం. గువ్వలచెరువులో పాలకోవా కాచే చోట ఆగి చూశాం కదా, పెద్ద బాణలిలో గరిటె తిప్పుతుంటే పాలన్నీ సుడి తిరుగుతాయి, అందులో ఇంకో గరిటె వదిలితే అది కూడా వాటితో పాటు తిరుగుతుంది, రెండు గరిటెలూ ఒకదాన్నొకటి తాకనే తాకవు. కన్వర్టర్‌లో మొదటి గరిటె పంపు, దాన్ని ఇంజిన్ తిప్పుతుంది. రెండోది టర్బైన్, అది గేర్‌బాక్స్ షాఫ్ట్‌ను తిప్పుతుంది. మధ్యలో పాలకు బదులు ఆయిల్. ఇంతవరకే ఉంటే దాన్ని ఫ్లూయిడ్ కప్లింగ్ అంటారు, ఇచ్చిన బలమే అవతల వస్తుంది. అసలు పని స్టేటర్‌ది. టర్బైన్‌ను కొట్టి వెనక్కి వచ్చే ఆయిల్ పంపుకు ఎదురు తిరిగి దాన్ని ఆపబోతుంది, మధ్యలో ఉన్న స్టేటర్ రెక్కలు ఆ ధారను మళ్లించి పంపు తిరిగే వైపుకే పంపిస్తాయి. అందువల్ల బండి కదిలే మొదటి క్షణంలో ఇంజిన్ టార్క్, అంటే తిప్పే బలం, రెండు, రెండున్నర రెట్లు దాకా పెరుగుతుంది. బండి వేగం అందుకున్నాక స్టేటర్ అవసరం ఉండదు, సైకిల్ ఫ్రీవీల్ లాంటి ఏర్పాటుతో అది కూడా ఊరికే తిరిగిపోతుంది. జర్మనీలో హెర్మన్ ఫోటింగర్ 1905లో దీనికి పేటెంట్ తీసుకున్నది ఓడల కోసమని తెలిసినప్పుడు నాకు ఎంత ఆశ్చర్యమేసిందో!

ఇప్పుడు పెద్దోడి సంగతి. స్టాల్ నంబర్ కన్వర్టర్ మీద ముద్ర వేసి ఉండే అంకె కాదు నాయనా. ఒకే కన్వర్టర్‌ను బలహీనమైన ఇంజిన్‌కు పెడితే తక్కువ స్టాల్, బలమైన ఇంజిన్‌కు పెడితే ఎక్కువ స్టాల్ వస్తుంది. స్టాల్ ఆర్‌పీఎం అనేది ఇంజిన్ టార్క్ వర్గమూలాన్ని బట్టి పెరుగుతుంది, అంటే టార్క్ 21 శాతం ఎక్కువున్న ఇంజిన్ వెనక పెడితే 2,500 స్టాల్ అన్నది 2,750 అవుతుంది. కాబట్టి స్నేహితుడి బండిలో 3,500 చూపించినది నీ బండిలో అంతే చూపిస్తుందని ఎవరూ మాటివ్వలేరు. బండి బరువు, ఆక్సిల్ రేషియో, టైరు ఎత్తు, ఇంజిన్ వాల్వులను తెరిచే కామ్‌షాఫ్ట్, రోజూ తిరిగే దారి, ఇవన్నీ అడగకుండా ఏ స్టాల్ కావాలి సార్ అని నేరుగా బిల్లు రాసే దుకాణంలో కొనొద్దు.

కాగితం తీసుకో. వేగం మైళ్లలో, దాన్ని 336తో గుణించి, టైరు ఎత్తు అంగుళాలతో భాగించి, ఆక్సిల్ రేషియోతోనూ గేరు రేషియోతోనూ గుణించు, వచ్చేది ఇంజిన్ ఆర్‌పీఎం. నీ ఆక్సిల్ 3.23 అన్నావు, టైరు 26 అంగుళాలు అనుకుందాం. గంటకు 70 మైళ్ల దగ్గర మూడో గేరులో, దాని రేషియో 1, సుమారు 2,920 వస్తుంది. మీ 4ఎల్60ఈ గేర్‌బాక్స్‌లో నాలుగోది 0.70, అందులో 2,050 కూడా దాటదు. హైవే మీద ఇంజిన్ 2,050 దగ్గర తిరుగుతుంటే నువ్వు 3,500 స్టాల్ పెడతానంటున్నావు. అంటే లాకప్ అనే లోపలి క్లచ్ పడనంతసేపూ, గేరు ఏదైనా, కొంచెం ఎత్తు రాగానే, కొంచెం తొక్కగానే పంపు ఒక వేగం, టర్బైన్ ఒక వేగం. ఆ తేడా అంతా ఎక్కడికి పోతుంది? ఆయిల్ వేడిలోకి పోతుంది, ఆ వేడి నీ పెట్రోలే.

అందుకే లాకప్ లేని కన్వర్టర్ నీకు వద్దే వద్దు. లాకప్ అంటే కన్వర్టర్ లోపలే ఉండే క్లచ్, హైవే వేగంలో పంపునూ టర్బైన్‌నూ కలిపి పట్టేస్తుంది, జారుడు సున్నా అవుతుంది. ధర తక్కువని లాకప్ లేనిది పెట్టించుకుంటే ఏడాది పొడవునా మైలేజీలోనూ వేడిలోనూ కట్టుకుంటూ ఉంటావు. పాత కన్వర్టర్ రెక్కలను వంచి స్టాల్ పెంచినవీ దొరుకుతాయి, అవి మెత్తగా జారిపోతుంటాయి, తొక్కితే ఇంజిన్ అరుస్తుంది తప్ప బండికి ఊపు రాదు. రెక్కలను కొలిమిలో పెట్టి బ్రేజింగ్ చేసినవా, అంటే లోహం కరిగించి అతికించినవా, లోపల సూది బేరింగులున్నాయా అని అడుగు.

అయితే స్టాల్ పెంచడమే తప్పని నేను అనడం లేదు. పెద్ద కామ్‌షాఫ్ట్ వేసిన ఇంజిన్‌కు కింది ఆర్‌పీఎంలో ఊపిరి ఉండదు, దానికి కంపెనీ కన్వర్టర్ పెడితే సిగ్నల్ దగ్గర గేరులో ఆగినప్పుడల్లా ఇంజిన్ ఆగిపోయేటట్లు వణుకుతుంది. అలాంటి ఇంజిన్‌కు ఎక్కువ స్టాల్ నిజంగా కావాలి. నీ వీ8 కంపెనీ ఇచ్చినది ఇచ్చినట్లే ఉంది, కింద నుంచే బలంగా లాగుతుంది. కంపెనీ కన్వర్టర్లు సాధారణంగా 1,600 నుంచి 2,000 మధ్య ఉంటాయి. నన్నడిగితే నీ బండికి 2,400 నుంచి 2,800 మధ్యలో లాకప్ ఉన్నది చాలు, రోజూ పెళ్లాం పిల్లలు కూర్చునే బండి అయితే 2,400 వైపే ఉండు. సిగ్నల్ దగ్గర కావలసిన ఊపు దాంతోనే వస్తుంది. ఇంకా కావాలంటే ముందు ఆక్సిల్ రేషియో గురించి మాట్లాడుకుందాం.

వేడి గురించి మాత్రం ఎంత చెప్పినా చాలదు. మన రాయచోటి రోడ్డులో గువ్వలచెరువు ఘాట్ ఎక్కేటప్పుడు ముందు గ్రానైట్ లారీ ఉంటే 15 కిలోమీటర్ల వేగంతో దాని వెనకే పాకాలి. ఆ వేగంలో లాకప్ పడదు, ఎత్తు వల్ల ఇంజిన్ గట్టిగా తొక్కాలి, ముందు నుంచి గాలి రాదు, పైన మే నెల ఎండ. కన్వర్టర్‌కు అంతకన్నా కష్టకాలం లేదు. మీ టెక్సాస్ ఎండలో ట్రాఫిక్ జామ్ కూడా అదే. ఆయిల్ 80, 90 డిగ్రీల దగ్గర ఉంటే హాయిగా ఉంటుంది, అక్కడి నుంచి ప్రతి 10 డిగ్రీలకూ దాని ఆయుష్షు సగమవుతుందని మెకానిక్కుల మోటు లెక్క. స్టాల్ పెంచిన రోజే విడిగా ఆయిల్ కూలర్ పెట్టించు, టెంపరేచర్ గేజ్ కూడా పెట్టించు. స్టాల్ ఎంత వస్తుందో చూద్దామని బ్రేకు తొక్కి యాక్సిలరేటర్ ఇస్తే 5 సెకన్లు దాటొద్దు, బండి కదలనంతసేపూ ఇంజిన్ శక్తి మొత్తం ఆ ఆయిల్‌లోనే కాగుతుంది.

అమ్ములూ, నీ సెల్టోస్ డీజిల్ ఆటోమేటిక్‌లోనూ ఇదే కన్వర్టర్ ఉంది, మన పెనుకొండ పక్కన తయారైన బండే. నువ్వు దాన్ని మార్చాల్సిన పని లేదు, ఆయిల్ సంగతి సర్వీసులో అడుగు, చాలు. చిన్నోడా, నువ్వు కొందామంటున్న ఆ ఏఎంటీ కారులో అసలు కన్వర్టరే ఉండదు, మామూలు క్లచ్‌నే మోటారు తొక్కుతుంది. దానికి కన్వర్టర్ మారుస్తామని ఎవరన్నా అంటే ఆ షెడ్డు నుంచి బయటికి వచ్చేయ్.

చివరగా బిగించడం. 1990ల మొదట్లో ఒక లోడర్‌కు నేనే స్వయంగా కన్వర్టర్ ఎక్కించాను. షిఫ్టు అయిపోతోంది, ఓనరు తొందర పెడుతున్నాడు, గేర్‌బాక్స్ ముందు భాగంలో ఉండే ఆయిల్ పంపు పళ్లలో కన్వర్టర్ పూర్తిగా కూర్చోకముందే గేర్‌బాక్స్‌ను ఇంజిన్‌కు ఆనించి బోల్టులతో లాగేశాం. స్టార్ట్ చేసిన నిమిషంలో ఆ ఆయిల్ పంపు పగిలింది. ఆ బండి మీద కూలీ చేసుకునే నలుగురు పదకొండు రోజులు ఖాళీగా కూర్చున్నారు, వాళ్ల ముఖాలు నాకు ఇప్పటికీ గుర్తే.

కన్వర్టర్‌లో ముందుగా లీటరు దాకా ఆయిల్ పోసి, తిప్పుతూ లోపలికి నెట్టాలి. రెండు మూడు సార్లు టక్కుమని లోపలికి దిగుతుంది, ఒక్కసారి దిగగానే అయిపోయిందనుకోవద్దు. గేర్‌బాక్స్‌ను ఇంజిన్‌కు బిగించాక కన్వర్టర్ చేత్తో సులువుగా తిరగాలి, దానికీ, ఇంజిన్ వెనక దాన్ని బిగించే పలక ఫ్లెక్స్‌ప్లేట్‌కూ మధ్య 3 నుంచి 5 మిల్లీమీటర్ల సందు ఉండాలి. సందు అసలు లేకపోతే లోపల సరిగ్గా కూర్చోలేదని, ఊడదీసి మళ్లీ ఎక్కించాలి. పాత గేర్‌బాక్స్ ముక్కలైన బండి అయితే కూలర్ పైపులు కడిగించు, లేకపోతే ఆ ఇనుప రజను కొత్తదాన్నీ తినేస్తుంది. బిగించాక లాకప్, గేర్లు పడే వేగాలు కంప్యూటర్‌లో సరిచేయించు.

ఆర్డర్ ఇవ్వకముందు టైరు పక్కన టేపు పెట్టి ఎత్తు కొలువు, ఆక్సిల్ రేషియో కాగితం వెతుకు, రెండూ నాకు పంపు. షెడ్డులో బిగించే రోజు ఆ 3 మిల్లీమీటర్ల సందు ఫొటో తీసి, బోల్టులు వేయకముందే పెట్టు. ఇక్కడ అర్ధరాత్రి అయినా చూస్తాను.

మీ తాత,
కడప