లూయీవిల్ స్కూలు బస్సుల తగవు: మూలం బోస్టన్‌లో

అమెరికాలోని కెంటకీ రాష్ట్రం లూయీవిల్‌లో మాగ్నెట్ స్కూళ్ల (ప్రత్యేక పాఠ్యాంశాలతో, ఊరి నలుమూలల నుంచి పిల్లలను చేర్చుకునే ప్రభుత్వ బళ్ల) పిల్లలకు బస్సులు ఎందుకు పోయాయన్న వాదన లేచిన ప్రతిసారీ, తప్పు రూట్లు వేసిన సాఫ్ట్‌వేర్‌దా, డ్రైవర్ల కొరతదా అన్న దగ్గరే మాట ఆగిపోతోంది. ఏ స్టాపు తర్వాత ఏ స్టాపుకు వెళ్లాలన్న లెక్కకు 1959లో డాంట్జిగ్, రామ్సర్ అనే పరిశోధకులు వేసిన పునాది గురించి చాలామంది రాశారు. ఈ తగవుకు మాత్రం 2017 నాటి బోస్టన్ చాలు.

ఆ ఏడాది అక్కడి స్కూలు బస్సుల రూట్ల రూపకల్పనకు పోటీ పెట్టగా, అక్కడికి దగ్గర్లోని ఎంఐటీ విశ్వవిద్యాలయానికి చెందిన దిమిత్రిస్ బెర్ట్సిమాస్ బృందం గెలిచింది. అనుభవజ్ఞులకు వారాలు పట్టే పనిని వారి ప్రోగ్రామ్ అరగంటలో ముగించింది. సుమారు 650 బస్సుల్లో 50 దాకా తగ్గాయి. పదిహేను స్టాపులనే 1.3 లక్షల కోట్ల విధాలుగా వరుస పెట్టవచ్చు కనుక ఇందులో ఆశ్చర్యం లేదు. అయితే పెద్ద పొదుపు స్టాపుల వరుసలో లేదు. ఒక స్కూలు పిల్లలను దింపిన బస్సే రెండో స్కూలుకు, ఆపైన మూడోదానికి వెళ్లగలగాలి. అందుకు బడి వేళలు మార్చాలి. బృందం ఆ లెక్క కూడా వేసిచ్చింది. టీనేజీ పిల్లలకు బడి ఆలస్యంగా మొదలవడం మంచిదన్న వైద్యుల సలహా దానికి బలమైంది. కానీ డిసెంబరులో కొత్త వేళలు ప్రకటించగానే, కొన్ని చిన్నపిల్లల బళ్లు ఏడున్నరకో అంతకు ముందో తెరవాలని తెలిసి తల్లిదండ్రులు మండిపడ్డారు. ఏడాది ముగిసేలోపే ఆ ప్రణాళికను వెనక్కి తీసుకున్నారు. నా దృష్టిలో అసలు మలుపు అదే: బస్సు ఖాళీగా నిలిచే నిమిషాలను తగ్గిస్తే, వాటి ఖర్చు ఎవరి ఇంటి గడియారం మీదనో పడుతుందని అప్పుడే తేలిపోయింది.

లూయీవిల్ బళ్లను నడిపే జెఫర్సన్ కౌంటీ స్కూళ్ల జిల్లా రూట్ల పని అప్పగించిన ఆల్ఫారూట్ సంస్థ ఆ ఎంఐటీ కృషి నుంచి పుట్టిందే. డ్రైవర్లు చాలక రూట్లను 730 నుంచి 600కు కుదించారు. రెండుగా ఉన్న బడి ప్రారంభ వేళలు తొమ్మిది అయ్యాయి. 2023 ఆగస్టు 9న, తొలి రోజు, చివరి పిల్లలు బస్సు దిగేసరికి రాత్రి పది కావచ్చింది. వారం దాకా బళ్లు మూతపడ్డాయి.

కొత్త రూట్లు అలవాటు కావడానికి సమయం పడుతుందని సంస్థ అంది. కొరత మాట కూడా నిజమే. డ్రైవర్ల వాదన అంతకన్నా సూటిగా ఉంది: ఇచ్చిన సమయంలో ఆ రూట్లు పూర్తి కావని. తొలి రోజు తన స్టాపు ఏదో చెప్పలేని ఆరేళ్ల పాప దగ్గర అయిదు నిమిషాలు పోతే, ఆ ఆలస్యం ఆ ట్రిప్పుతో ఆగదు. అదే బస్సు కోసం తర్వాతి స్కూలు గేటు దగ్గర నిలబడ్డ పిల్లలందరి మీదా పడుతుంది. ట్రిప్పుల మధ్య కాస్త వెసులుబాటు ఉంటే అది అక్కడే సర్దుకునేది.

2024 ఏప్రిల్‌లో జిల్లా స్కూలు బోర్డు మాగ్నెట్ స్కూళ్లలో, ట్రెడిషనల్ (కట్టుదిట్టమైన క్రమశిక్షణ పాటించే) స్కూళ్లలో ఎక్కువమందికి బస్సులు ఆపేయాలని ఓటు వేసింది. 1975లో కోర్టు ఆదేశంతో నల్ల, తెల్ల పిల్లలను ఒకే బడిలో చేర్చేందుకు బస్సులు నడిపిన జిల్లా ఇది. సీటు వచ్చినా, కారు లేని ఇంటి పిల్లలు అక్కడికి ఎలా చేరాలన్నదే ఆ ఓటుపై వచ్చిన ఫిర్యాదు.