పాత ఇంటి రీవైరింగ్: అపోహలు - వాస్తవాలు

తిరుపతిలో గాంధీ రోడ్డు పక్క సందుల్లో పాత మిద్దెలకు రీవైరింగ్ చేస్తుంటాను. ఇంటివాళ్ల నోట ఎక్కువగా వినే మాటలివి.

అపోహ: లైట్లు వెలుగుతున్నాయి, ఫ్యాన్లు తిరుగుతున్నాయి. వైరింగ్ బాగున్నట్టే కదా!

వాస్తవం: వైరు చివికిపోయినా లైటు వెలుగుతూనే ఉంటుంది. మెయిన్ ఆపించి, ఎలక్ట్రీషియన్ చేత ఒక స్విచ్ బోర్డు విప్పించండి. లోపలి వైరును కాస్త వంచితే పైతొడుగు మెత్తగా వంగాలి. పెళుసుబారి పెచ్చులుగా రాలినా, స్క్రూ దగ్గర నల్లగా మాడి ఉన్నా దాన్ని మార్చాల్సిందే. మామూలు పీవీసీ వైరు 70 డిగ్రీల వేడి వరకే తట్టుకుంటుంది. మే నెలలో మన మిద్దెల మీద కాలు పెట్టలేం. ఆ స్లాబులోని పైపులోనే ఈ వైర్లు లోడు మోయాలి.

అపోహ: ఎంసీబీ (లోడు ఎక్కువైతే తనంతట తానే కరెంటు ఆపే స్విచ్) మాటిమాటికీ ట్రిప్ అవుతోంది, పెద్దది వేస్తే సరిపోతుంది.

వాస్తవం: నన్ను అన్నిటికన్నా భయపెట్టే మాట ఇదే. ఎంసీబీ ఉన్నది గోడలోని వైరును కాపాడడానికి. లైట్ల లైనుకు 1.5 స్క్వేర్ ఎంఎం రాగి వైరు లాగి, 6 లేదా 10 ఆంప్స్ ఎంసీబీ పెడతాం. 2 కిలోవాట్ల గీజరు ఒక్కటే దాదాపు 9 ఆంప్స్ లాగుతుంది. దాన్ని 6 ఆంప్స్ లైనుకు తగిలిస్తే ట్రిప్ అవ్వక ఏమవుతుంది? అక్కడ 32 ఆంప్స్ ఎంసీబీ పెట్టారనుకోండి, వైరు మోయగలిగినదానికన్నా లోడు ఎక్కువైనా అది ట్రిప్ అవ్వదు, వైరు కాలుతుంది. పాత ఫ్యూజులో లావు రాగి తీగ చుట్టినా ఇంతే. గీజరుకు, ఏసీకి లోడును బట్టి 2.5 లేదా 4 స్క్వేర్ ఎంఎం వైరుతో మెయిన్ బోర్డు నుంచి విడి లైను లాగించుకోండి.

అపోహ: ఎంసీబీ ఉంది, షాక్ భయం లేదు.

వాస్తవం: ప్రాణం తీసే కరెంటు మిల్లీ ఆంప్స్‌లోనే ఉంటుంది, ఎంసీబీకి అది తెలియదు. దానికి కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ కావాలి, సరైన ఎర్తింగూ కావాలి.

అపోహ: పాత అల్యూమినియం వైరు పాడైనంత మేర రాగి ముక్క అతికిస్తే చాలు.

వాస్తవం: రెంటినీ మెలిపెట్టి టేపు చుడితే అల్యూమినియం మీద పొర కట్టి, అతుకు వదులై వేడెక్కుతుంది. అలా అతికించమంటే నేను ఒప్పుకోను.

అపోహ: స్విచ్ ఆపాం, హోల్డర్‌లో కరెంటు ఉండదు.

వాస్తవం: కొన్ని పాత ఇళ్లలో స్విచ్ న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్లే వైరు) మీద ఉంటుంది. అప్పుడు స్విచ్ ఆపినా హోల్డర్ దాకా ఫేజ్ (షాక్ కొట్టే కరెంటు వైరు) వస్తూనే ఉంటుంది. బల్బు మార్చాలన్నా మెయిన్ ఆపండి. రీవైరింగ్‌లో ప్రతి స్విచ్‌నూ ఫేజ్ మీదకు మార్పించి, మీ ముందే టెస్టర్ పెట్టి చూపించమనండి.